దొరకలేదని చెప్పమన్న కేసుషీటు

నన్ను పరిచయం చేసుకోవడానికి ఒక్క ముక్క చాలు. నేను మనుషుల్ని తొందరగా నమ్మను. కూరలో ఉప్పు సరిపోయిందని మా ఆవిడ చెప్పినా ఓసారి నాలిక్కి తగిలించుకుని చూసుకునే రకాన్ని. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగం అంటించిన జబ్బు. విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి రికార్డు గదిలో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. ఆసుపత్రి పేరు చెప్పను, మనుషుల పేర్లు అసలే చెప్పను. ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారు, పోయినవాళ్ళ పిల్లలు ఉద్యోగాల్లో ఉన్నారు.

మీలో కొత్తగా కొలువుల్లో చేరినవాళ్ళకి రికార్డు గది అంటే తెలియకపోవచ్చు. రోగి మంచానికి వేలాడే కాగితాల కట్టని కేసుషీటు అంటారు. ఏ డాక్టరు ఎప్పుడు చూశాడు, ఏ సూది వేశారు, ఏం తిన్నాడు, ఎప్పుడు పోయాడు, అన్నీ అందులో ఉంటాయి. మనిషి ఇంటికి పోయినా పైకి పోయినా ఆ కట్ట మాత్రం మా దగ్గరికి వచ్చేది. దానికో నంబరు వేసి, తాడు కట్టి, ర్యాకులో పెట్టడం నా పని. పోర్టు నల్లదుమ్ము కిటికీలు మూసినా లోపలికి వచ్చేది. పొద్దున్న తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకోవచ్చు. ఇప్పుడన్నీ కంప్యూటర్లలో ఉంటాయి కదా అంటారు మీరు. కంప్యూటరుక్కూడా దొరకలేదనడం నేర్పే మనుషులు ఉంటారు, చూసుకోండి.

నేను చేరిన కొత్తలో ఓ ముసలి హెడ్ క్లర్కు ఉండేవారు. మా నాన్నలాగే గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనిషి. ఆయన నాకు రెండు విషయాలు నేర్పారు. ఒకటి, కేసుషీటు లోపలికి రాగానే పేజీలకి నంబర్లు వేసి, ఎక్కడ ఖాళీ కనిపించినా ఆ చివర నుంచి ఈ చివరికి అడ్డగీత కొట్టడం. "ఖాళీ అంటే తలుపు తీసి ఉన్న ఇల్లురా. ఎవడైనా దూరతాడు" అనేవారు. రెండోది, కాగితం కోసం వచ్చినవాళ్ళకి ఏం చెప్పాలో. మొదటిసారి వస్తే రేపు రండి. రెండోసారి వస్తే నంబరు సరిగ్గా లేదు. మూడోసారి వస్తే దొరకలేదు. అంతటితో నూటికి తొంభైమంది ఆగిపోతారు. మొదటి పాఠం ఆయన రిటైరైన ఏడాదికే నేను వదిలేశాను. రెండోది మాత్రం నూటికి నూరుపాళ్ళు పాటించాను.

నాతో పనిచేసిన అటెండరు గురించి చెప్పకుండా ముందుకి పోలేను. కంచరపాలెంలో మా పక్క వీధి మనిషే, చర్చికి వెళ్ళే కుటుంబం. నిచ్చెనెక్కి పై ర్యాకులు సర్దుతూ సన్నగా ప్రార్థన పాటలు పాడుకునేది. ఆవిడతో నాకొక్కటే చిక్కు. అబద్ధం ఆడేది కాదు. ఎవరైనా కాగితం కోసం వస్తే, నేను లోపల్నించి చెప్పింది చెప్పినట్టు బయట అప్పగించేది. "సారు దొరకలేదని సెప్పమన్నారండి" అనేది.

"దొరకలేదని చెబితే చాలు కదమ్మా, నేను చెప్పమన్నానని ఎందుకు?" అని ఎన్నిసార్లో విసుక్కున్నాను.

"మీరు సెప్పమన్నది నిజమే కదా సారూ. దొరకలేదన్నది నిజమో కాదో నాకేటి తెల్సు?" అనేది ఆవిడ.

ఆ గుమ్మంలోకి పాతికేళ్ళ కుర్రాడిగా వచ్చాడు ఈ కథలో నాయకుడు. లేత్ మిషను మీద పని, గోళ్ళ సందుల్లో గ్రీజు. వాళ్ళ చెల్లెలు రెండో కాన్పుకి మా ఆసుపత్రిలో చేరి, బిడ్డని కని, తెల్లారేసరికి చనిపోయింది. ఏం జరిగిందో చూసుకోవాలి, కేసుషీటు నకలు ఇప్పించండి అని వచ్చాడు. రేపు రండి అన్నాను. వచ్చాడు. నంబరు సరిగ్గా లేదన్నాను. సరిచేసుకుని వచ్చాడు. దొరకలేదన్నాను. మళ్ళీ వచ్చాడు. మొత్తం పదకొండుసార్లు తిరిగాడు. ఆఖరికి దొరకలేదనే కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.

ఆ కేసుషీటు నా బల్ల సొరుగులోనే ఉంది. అప్పటి సూపరింటెండెంటు గారు బయటకి ఇవ్వొద్దన్నారు, నేను ఇవ్వలేదు. పన్నెండోసారి ఆ కుర్రాడు రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఏడాది తర్వాత కాగితాన్ని సొరుగులోంచి తీసి మామూలు ర్యాకులో పెట్టేశాను. అతన్ని పిలిచి ఇద్దామన్న ఆలోచన నాకు రాలేదని చెప్పను. వచ్చింది. సిగ్గేసి ఊరుకున్నాను.

రాకపోవడమైతే మా గదికి రాలేదు గానీ, ఆసుపత్రిని వదల్లేదు. గేటుకి ఎదురుగా టీ బడ్డీ పక్కన బెంచీ వేసుకుని కూర్చునేవాడు. లోపలికి వెళ్ళే ప్రతి రోగి వెంట ఉన్నవాళ్ళకీ ఒక నలభై పేజీల నోటుబుక్కు ఇచ్చేవాడు. పిల్లలు బడికి తీసుకెళ్ళేదే, వెనక అట్ట మీద ఎక్కాలు ఉండేవి. "మంచం దగ్గిర పెట్టుకోండి. డాక్టరు ఎన్నింటికొచ్చేడు, ఏ మందిచ్చేరు, పిలిత్తే ఎవులొచ్చేరు, ఎవులు రాలేదు, రాసుకోండి. సదువు రాకపోతే గీతలు గియ్యండి" అని చెప్పేవాడు. దానికి జనమే మంచం పుస్తకం అని పేరు పెట్టారు. వార్డుల్లో సిస్టర్లు ఆ పుస్తకం చూస్తే ఒళ్ళు మండిపోయేవారు. డాక్టర్లు రౌండ్సుకి వచ్చినప్పుడు ముందు దిండు కింద ఏముందో చూసేవారు. మా క్లర్కులం అతనికి నోటుబుక్కు బావ అని పేరు పెట్టి క్యాంటీనులో నవ్వుకునేవాళ్ళం.

నాకు మొదటి నుంచీ అనుమానమే. లేత్ పని మానేసి ఊరికే కూర్చునేవాడికి ఇన్ని పుస్తకాలు ఎవరిస్తున్నారు? వెనక ఎవరో లేకుండా ఇదంతా ఎలా సాగుతుంది? ధర్నాలు మొదలయ్యాయి. కేసుషీటు అడగడం రోగి హక్కు అని బోర్డులు పెట్టించాడు. మా గది ముందు క్యూ పెరిగింది. తర్వాత కార్పొరేటరు అయ్యాడు. అప్పటికి నోటుబుక్కు వెనక అట్ట మీద ఎక్కాలు పోయి అతని ఫొటో వచ్చింది, చేతులు జోడించి నవ్వుతూ. ఎక్కాలు పోయి ఫొటో వచ్చిందంటే మనిషి మారినట్టే అని మా అటెండరుతో అన్నాను. "పుస్తకం అయితే ఇత్తన్నాడు కదా సారూ" అంది ఆవిడ.

ఆ తర్వాత ఎమ్మెల్యే అయ్యాడు. ఒక రోజు పేపర్లో చూస్తే మధురవాడలో కొత్తగా కట్టిన ఒక ప్రైవేటు ఆసుపత్రికి రిబ్బను కత్తిరిస్తున్నాడు. అదే యాజమాన్యం పాత ఆసుపత్రి గేటు ముందు అంతకు మూడేళ్ళ క్రితం శవంతో ధర్నా చేసింది ఇతనే. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అని పేపరు మడిచి పక్కన పెట్టాను. నిజం చెప్పొద్దూ, లోలోపల నాకు సంతోషమే వేసింది. ఎందుకంటే మనం మోసం చేసినవాడు చివరికి మోసగాడని తేలితే మన తప్పు సగం తీరిపోయినట్టు ఉంటుంది.

అసలు కథ నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు జరిగింది.

యారాడ నుంచి ఒక మత్స్యకారుణ్ణి కడుపు నొప్పితో తీసుకొచ్చారు. ఆదివారం చేరాడు, మంగళవారం పొద్దున్న చనిపోయాడు. బుధవారం అతని కేసుషీటు నా బల్ల మీదకి వచ్చింది. తిప్పి చూస్తే, ఆదివారం సాయంత్రం ఒక డాక్టరు చూసి రాసిన దాని తర్వాత ముప్పావు పేజీ ఖాళీ. ఆ తర్వాత ఒకేసారి మరణం నమోదు. ముసలి హెడ్ క్లర్కు గారు గుర్తొచ్చారు. అడ్డగీత కొట్టాల్సిన చోటు అదే. పెన్ను తీశాను కూడా. ఇంతలో ఫోన్ మోగింది. వార్డు నుంచి. "ఆ కేసుషీటు ఓసారి కిందకి పంపండి, డాక్టరు గారు కొన్ని ఎంట్రీలు రాయాలి" అన్నారు. సరే చూస్తానన్నాను. అరగంట తర్వాత మళ్ళీ ఫోన్. ఈసారి ఎమ్మెల్యే గారి పీయే. "యారాడ కేసుషీటు ఎవులికీ ఇవ్వకండి. అన్నగారికి కావాల" అన్నాడు.

చచ్చినవాడి కాగితం కోసం గంటలో రెండు ఫోన్లు. నా జబ్బు లేచి కూర్చుంది. దానికి ఆజ్యం పోసినట్టు మా అటెండరు వార్డు కబురు పట్టుకొచ్చింది. ఆ రెండు రోజులూ డ్యూటీలో ఉండాల్సిన కుర్ర డాక్టరు మధురవాడ ఆసుపత్రి యజమానికి స్వయానా మేనల్లుడట. ఇక నాకు అంతా అరటిపండు ఒలిచినట్టు అర్థమైపోయింది. డాక్టరు ఖాళీ నింపుదామని చూస్తున్నాడు, ఎమ్మెల్యే రిబ్బను రుణం తీర్చుకుందామని చూస్తున్నాడు. ఇద్దరూ ఒకటే.

అప్పుడు నేను చేయాల్సింది చాలా చిన్న పని. అడ్డగీత కొట్టి, పేజీలకి నంబర్లు వేసి, రిజిస్టరులో రాసుకుంటే ఎవడొచ్చినా చేసేదేమీ ఉండేది కాదు. గీత కొడితే కొట్టినవాడెవడో తెలుస్తుంది. దాచితే ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్ళు అలవాటైన చెయ్యి దాచే దారే పట్టింది. ఆ కట్టని పదేళ్ళ కిందటి ర్యాకులో, పనికిరాని నంబర్ల మధ్య దూర్చేశాను. వార్డుకి దొరకలేదన్నాను. పీయేకి దొరకలేదన్నాను. ఓ పేదవాడి కాగితాన్ని దొంగల నుంచి కాపాడానని ఆ రోజు తృప్తిగా భోంచేశాను.

శుక్రవారం అతని భార్య వచ్చింది. పూర్ణా మార్కెట్టులో చేపలమ్ముకునే మనిషి. చీర కొంగులో ఒక నోటుబుక్కు, వెనక అట్ట మీద నవ్వుతున్న ఫొటో. చదువు రాదు కాబట్టి గీతలు గీసింది. చేపల బుట్టలు లెక్కపెట్టే గీతలే. సిస్టరు వస్తే నిలువు గీత, సీసా మారిస్తే సున్నా, డాక్టరు వస్తే పెద్ద గీత. పేజీ నిండా చిన్న గీతలు, సున్నాలు. పెద్ద గీత ఒక్కటే.

"మా ఆయన తాగి వచ్చేడని అంటన్నారు బాబూ. తాగుడికే పోయేడని వార్డులో సెప్పేరు. ఊర్లోనూ అదే అంటన్నారు. మా ఆయన సుక్క ముట్టని మనిషి. సముద్రం మీదకెల్లే ముందు దండం ఎట్టుకుని మరీ ఎల్తాడు. నా పిల్లల్ని తాగుబోతోడి పిల్లలంటన్నారు. ఆ కాగితంలో ఏటుందో సూపించండి" అంది.

ఆవిడికీ దొరకలేదనే చెప్పించాను. ఆవిడికి చెబితే ఎమ్మెల్యేకి తెలుస్తుంది, ఎమ్మెల్యేకి తెలిస్తే కాగితం మాయమవుతుంది, అదీ నా లెక్క. గుమ్మం దగ్గర మా అటెండరు మామూలుగానే "సారు దొరకలేదని సెప్పమన్నారమ్మా" అంది. ఆవిడ వెళ్ళాక నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"ఎవురి కోసం దాసేరో ఆవిడికే దొరకలేదంటే, ఇంకెవురి కోసం దాసేరు సారూ?" అంది.

"నీకు తెలీదు, ఊరుకో" అన్నాను. ఆవిడ ఆ రోజంతా పాట పాడలేదు.

తర్వాత వారం సూపరింటెండెంటు గారు పిలిచారు. ఈయన కొత్తాయన, మెత్తగా మాట్లాడతారు. యారాడ కేసు మీద ఎవరో పైకి పిటిషను పెట్టారట, ఎంక్వైరీ కమిటీ వస్తోందట. కేసుషీటు దొరకలేదని నన్ను రాసిమ్మన్నారు. రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం వయసు అప్పటికి ఇరవై ఏళ్ళు.

ఆ కాగితం ఏం చేసిందో రెండు రోజుల తర్వాత తెలిసింది. అసలు కేసుషీటు పోయిందని రికార్డు గది రాసిచ్చింది కాబట్టి, వార్డులో జ్ఞాపకం ఉన్నంతవరకు డూప్లికేటు కేసుషీటు తయారుచేశారు. నల్లగా, నీటుగా, ఒకే పెన్నుతో. అందులో డాక్టరు నాలుగుసార్లు వచ్చి చూశాడు. అందులో రోగి చాలాకాలంగా తాగుడు అలవాటు ఉన్న మనిషి. ఖాళీని నింపుతారేమోనని నేను కాగితం దాస్తే, వాళ్ళకి ఏకంగా కొత్త కాగితమే రాసుకునే వీలు ఇచ్చాను. ఆ వీలు మీద సంతకం నాది. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

అసలుది బయటపెడితే ఉద్యోగం పోతుంది. రిటైర్మెంటు గుమ్మంలో ఉన్నాను. పెట్టకపోతే యారాడలో ఒక మనిషి చచ్చాక తాగుబోతు అవుతాడు. వారం రోజులు ఈ రెండింటి మధ్యే కొట్టుకున్నాను. ఎంక్వైరీ రోజు వచ్చినా ఏమీ తేల్చుకోలేదు. ధైర్యవంతుణ్ణని మీరు పొరపడకూడదని చెబుతున్నాను.

ఆ రోజు పొద్దున్న పదింటికి కమిటీ కూర్చోవాలి. తొమ్మిదింటికి మా గది గుమ్మంలో ఎమ్మెల్యే నిలబడ్డాడు. వెనకాల మందీ మార్బలం లేదు, యారాడ ఆవిడ మాత్రం ఉంది. జుట్టు నెరిసింది, గోళ్ళలో గ్రీజు లేదు. మనిషిని మాత్రం ఎక్కడైనా గుర్తుపడతాను.

"రండి, కూర్చోండి" అన్నాను లేచి.

"కూకోడానికి రాలేదండి. అప్పుడు పదకొండుసార్లు వత్తే ఎవులూ కూకోమనలేదు. ఇప్పుడెందుకు? ఈవిడి భర్త కేసుషీటు కావాల" అన్నాడు.

"దొరకలేదని రాసిచ్చానండి."

"సూసేను. మా సెల్లి కాగితం మీదా ఇదే సంతకం, ఇదే మాట. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కానీ ఈవిడ నాతో ఒక మాట సెప్పింది. దొరకలేదని మీరు సెప్పమన్నారంట. దొరకలేదనడం వేరండి, దొరకలేదని సెప్పమనడం వేరు. నాను ఇరవై ఏళ్ళు ఇదే పనిలో ఉన్నాను, ఆ తేడా నాకు తెల్సు."

ర్యాకుల వెనకాల మా అటెండరు చీపురు చప్పుడు ఆగిపోయింది.

నాకు కోపం వచ్చింది. దొరికిపోయినవాడికి ముందు వచ్చేది కోపమే. "మీ పీయే ఫోన్ చేసి ఎవరికీ ఇవ్వొద్దన్నాడు. ఎందుకన్నాడు?" అని అడిగాను.

"ఎందుకంటే మీరు ఆ డాక్టరు సేతికిత్తారని నాకు తెల్సు కాబట్టి."

"నేనూ అదే అనుకున్నాను. మీరు తీసుకెళ్ళి ఆ డాక్టరు చేతికిస్తారని."

"నానా? నానెందుకిత్తాను?"

"మధురవాడలో రిబ్బను కత్తిరించింది మీరే కదండీ. వాళ్ళ మేనల్లుడే కదా ఈ డాక్టరు."

ఆయన కిటికీ వైపు చూశాడు. "కత్తిరించేను. రాజకీయంలో ఉన్నోడు పిలిసిన సోటికల్లా ఎల్లాల. అది వేరు, ఇది వేరు" అన్నాడు.

"వేరని మాకెలా తెలుస్తుందండి?" అన్నాను.

యారాడ కేసు మీద పైకి పిటిషను పెట్టింది ఆయనేనని తర్వాత తెలిసింది. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయనీ తెలిసింది. ఈవిడ కోసం పెట్టాడో ఎన్నికల కోసం పెట్టాడో నాకు తెలియదు. బహుశా ఆయనకీ తెలియదేమో.

మా ఇద్దరి మధ్యలోకి యారాడ ఆవిడ వచ్చింది. బుట్ట దింపినంత విసురుగా నోటుబుక్కు నా బల్ల మీద పెట్టింది.

"మీరూ మీరూ తరవాత తగువాడుకోండి బాబూ. ఆ కాగితంలో మా ఆయన తాగి వచ్చేడని ఉందా, నేదా? అదొక్కటి సెప్పండి నాకు."

నేను లేచాను. నిచ్చెన జరుపుదామని చూస్తే అప్పటికే మా అటెండరు దాన్ని పదేళ్ళ కిందటి ర్యాకుకి ఆనించి పట్టుకుని నిలబడి ఉంది. ఎక్కడ దాచానో ఆవిడికి మొదటి రోజు నుంచీ తెలుసు. ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఎక్కి, కట్ట తీసి, దుమ్ము దులిపి బల్ల మీద పెట్టి విప్పాను.

మొదటి పేజీ, చేర్చుకున్నప్పుడు క్యాజువాలిటీ డాక్టరు హడావుడిగా గీకిన అక్షరాలు. ఆ పేజీని నేను అంతకుముందు చదవనే లేదు. నా కళ్ళు తిన్నగా ఖాళీ మీదకే పోయాయి, అదీ నా అనుమానం తెలివి. మూడో వరుసలో ఉంది. మద్యం అలవాటు లేదు, పొగ అలవాటు లేదు. తెలుగులో చెప్పి వినిపించాను.

"ఇంకోసారి సదవండి" అంది. చదివాను. "ఏది, ఎక్కడుంది?" అంది. వేలు పెట్టి చూపించాను. నా వేలు తీసేసి తన వేలు పెట్టింది. అక్షరాలు రాకపోయినా ఆ వరుస మొదటి నుంచి చివరి దాకా వేలితో తడిమింది. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఆ ఒక్క వరుసని నేను మూడు వారాలు దాచాను.

ఎమ్మెల్యే కాగితం కోసం చెయ్యి చాచాడు. "ఇటియ్యండి, నాను కమిటీకిత్తాను."

"ఇవ్వనండి" అన్నాను.

"ఇంకా నమ్మరా?"

"మీరు నమ్ముతారా నన్ను?"

మొదటిసారి ఆయన నవ్వాడు. నవ్వులో స్నేహమేమీ లేదు. "సరే, మీ పద్ధతేటో కానివ్వండి" అన్నాడు.

ముసలి హెడ్ క్లర్కు గారి పాఠం ఇరవై అయిదేళ్ళ తర్వాత బయటకి తీశాను. వాళ్ళ ముగ్గురి ఎదుట పేజీలకి నంబర్లు వేశాను. ముప్పావు పేజీ ఖాళీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డగీత కొట్టి, తేదీ, టైము వేసి సంతకం పెట్టాను. గీత పక్కన ఎమ్మెల్యే చేత సంతకం పెట్టించాను, యారాడ ఆవిడ వేలిముద్ర వేసింది, మా అటెండరు పేరు రాసింది. జిరాక్సు తీసి పూర్తి నకలు ఆవిడ చేతికిచ్చాను. అసలుది నా చేతుల్లోనే పట్టుకుని మెట్లు దిగాను. ఎమ్మెల్యే నా పక్కనే నడిచాడు. తోడుగా వస్తున్నాడా, నేను దారిలో మళ్ళీ ఎక్కడైనా దూరుస్తానేమోనని కాపలా వస్తున్నాడా అన్నది నాకు తెలియలేదు. నేనైతే ఆయన చేతులు చూస్తూనే దిగాను.

కమిటీలో వేరే జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు డాక్టర్లు ఉన్నారు. కట్ట బల్ల మీద పెట్టి, "దీన్ని దాచింది నేనేనండి" అన్నాను. సూపరింటెండెంటు గారు నన్ను చూసిన చూపు వర్ణించను.

"ఎందుకు దాచారు?" అని అడిగారు ఒకాయన.

"ఎవరైనా మారుస్తారని భయపడ్డానండి."

"ఎవరు?"

"అందరూ."

ఆయన కళ్ళజోడు మీదుగా నన్ను చూసి, ఆ మాట కూడా రాసుకున్నారు.

అదే రోజు నన్ను సస్పెండు చేశారు. కొన్నాళ్ళకి తిరిగి తీసుకుని, రికార్డు గదికి కాకుండా దుప్పట్ల స్టోరుకి వేశారు. అక్కడే రిటైరయ్యాను. దుప్పట్లలో ఖాళీలు ఉండవు, చిరుగులే ఉంటాయి, అవి దాచినా దాగవు. కుర్ర డాక్టర్ని బదిలీ చేశారు, అంతకంటే ఏమీ కాలేదు. డూప్లికేటు కేసుషీటు నమ్మదగింది కాదని, చనిపోయిన వ్యక్తికి తాగుడు అలవాటు లేదని కమిటీ రాసింది. ఆ కాగితం యారాడ వెళ్ళింది. ఆవిడ దానికి ప్లాస్టిక్ అట్ట వేయించి వీధిలో ఇంటింటికీ తిరిగి చూపించిందట. చదవడం రానివాళ్ళకి కూడా చూపించిందట. మా అటెండరు వెళ్ళి చూసొచ్చి చెప్పింది. ఎమ్మెల్యే మాత్రం తర్వాత సభల్లో, రికార్డు గదిలోకి తానే స్వయంగా వెళ్ళి ర్యాకుల మధ్య వెతికి కేసుషీటు పట్టుకొచ్చానని చెప్పుకున్నాడు. నిచ్చెన ఎక్కింది నేను, పట్టుకుంది మా అటెండరు. ఆవిడికి కోపం రాలేదు, నాకు వచ్చింది.

నేను దుప్పట్ల స్టోరుకి వెళ్ళిన మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఆయన ఒంటరిగా వచ్చాడు. ఈసారి నేను కూర్చోమనకుండానే దుప్పట్ల మూట మీద కూర్చున్నాడు.

"మా సెల్లిది?" అన్నాడు.

ఆ ప్రశ్న వస్తుందని ఇరవై ఏళ్ళుగా తెలుసు. జవాబు మాత్రం సిద్ధం చేసుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. అప్పుడు దొరకలేదన్నది అబద్ధం, నా సొరుగులోనే ఉంది. తర్వాత ర్యాకులో పెట్టాను. ఏళ్ళు నిండిన పాత రికార్డులన్నీ లారీకెక్కించి తగలబెట్టినప్పుడు అదీ పోయింది. ఆ జాబితా మీద సంతకం నాదే. ఇప్పుడు నిజంగానే లేదు. క్షమించమని అడిగాను. నా కన్నా పదిహేనేళ్ళు చిన్నవాడి ముందు చేతులు జోడించాను.

ఆయన చాలాసేపు నా మొహం చూశాడు. కేసుషీట్లలో ఖాళీల కోసం నేను వెతికినట్టే నా మొహంలో వెతికాడు.

"దాసే అలవాటు ఉన్నోడు తగలబెట్టడండి. ఎక్కడో ఎట్టే ఉంటారు, గుర్తు తెచ్చుకోండి. మల్లీ వత్తాను" అని లేచి వెళ్ళిపోయాడు.

అన్నట్టే వదల్లేదు. ఎక్కడ కనిపించినా అడుగుతాడు. మొన్నీమధ్య కంచరపాలెం మెట్టు దగ్గర కూరలు కొనుక్కుని వస్తుంటే కారు పక్కన ఆగింది, అద్దం దిగింది. "ఏటండి, దొరికిందా?" అన్నాడు. వెనక సీట్లో నోటుబుక్కుల కట్టలు ఉన్నాయి. లేదు బాబూ అన్నాను. సరే వెతకండి అని అద్దం పైకెత్తుకున్నాడు.

వాళ్ళ చెల్లెలి కాగితం గురించి ఆయనకి నేను జన్మలో చెప్పిన నిజం అదొక్కటే. ఆయన నమ్మలేదు. ఆయన స్థానంలో నేనుంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు.